సుశీల్ అన్న ఉపవాసాలు

సుశీల్ అన్న నిండు నూరేళ్లు బతకాలని నేను రోజూ ప్రార్థన చేస్తాను. మా చర్చి సంఘంలో ఆయన ఆరోగ్యం కోసం ఇంత పట్టుదలగా ప్రార్థించే మనిషి ఇంకొకరు లేరు, ఆయన భార్యతో సహా. ఆయన గుండె ఆగకూడదు. మూత్రపిండాలు చెడకూడదు. మోకాళ్లు అరగకూడదు. ప్రతి పొద్దునా ఆయన మైపాడు రోడ్డు మీద నడుస్తూనే ఉండాలి. ఎందుకో చెబుతాను.

సుశీల్ కుమార్ మా ఆయన జయకుమార్‌కి అక్క మొగుడు. నాకు వరసకు అన్న. మా సంఘానికి కార్యదర్శి. మడత నలగని తెల్లచొక్కా, అరవై దాటినా వంగని నడుము. ఉద్యోగం విరమించాక ఆయన ఒక ఆకుపచ్చ పొడి అమ్మడం మొదలుపెట్టాడు. డబ్బా మీద గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు రంగుల్లో అచ్చువేసి ఉండేవి. కంపెనీ పేరు నోరు తిరగక అందరూ దాన్ని అయిదు బొమ్మల పొడి అనేవాళ్లు. పొద్దున పరగడుపున ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగితే ఆ అయిదింటికీ జీవితాంతం రోగం రాదని ఆయన సాక్ష్యం.

నేను నెల్లూరులో జంతుశాస్త్రం చదివి డిగ్రీ పూర్తి చేశాను. ప్రార్థన కూటంలో మొదటిసారి డబ్బా చేతికిచ్చినప్పుడే చెప్పాను. "అన్నా, గుండె ఉన్న వైపే కాలేయాన్ని కూడా గీసినారు. అది రెండో వైపు కదా ఉండాల్సింది."

"దేవుడు యాడ పెట్టినా, పొడి యాడికి పోవాల్నో ఆడికే పోతాది చెల్లెమ్మా" అన్నాడాయన. కూటంలో అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

నన్ను చూసి నవ్వారని కాదు నా పగ. అంత చిన్న విషయం అయితే మరిచిపోయేదాన్ని.

మా అమ్మ ఎస్తేరమ్మ కోట అనే ఊళ్లో టీచరుగా చేసి, రిటైరయ్యాక అక్కడే ఉండేది. బీపీ, షుగరు రెండూ ఉండేవి. అయినా ఆమె క్రమం తప్పని మనిషి. పొద్దున ప్రార్థన, ఇడ్లీ, మాత్రలు, ఆ వరసలో. ఒకసారి కోటలో జరిగిన కూటాలకు వెళ్లి సుశీల్ అన్న అమ్మ ఇంట్లో బస చేశాడు. మాత్రల డబ్బా చూసి తల పట్టుకున్నాడట. "ఇన్ని మందులా అమ్మా? ఈ మందులే మీ మూత్రపిండాల్ని తినేస్తుండాయి. ఇవి ఆపి పొడి వాడండి. నన్ను చూడండి, ఒక్క మాత్ర నోట్లో వేసుకోను."

ఎదురుగా నిటారుగా నిలబడ్డ మనిషిని చూసి అమ్మ నమ్మింది. నాకు చెప్పలేదు, చెబితే గొడవ చేస్తానని. నేను వెళ్లేసరికి ముఖం ఉబ్బిపోయి ఉంది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నెల్లూరు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు రిపోర్టులు చూసి, "ఈమె మాత్రలు ఎవరు ఆపించారు?" అని అడిగాడు. వరండాలో సుశీల్ అన్న చేతులెత్తి బిగ్గరగా ప్రార్థన చేస్తున్నాడు. ఆ గొంతు లోపలికి వినబడుతూనే ఉంది. అమ్మ ఇంటికి తిరిగి రాలేదు.

భూస్థాపన రోజు సమాధి పక్కన ఆయన మాట్లాడాడు. "తల్లి ఎస్తేరమ్మ మంచి విశ్వాసి. కాదనను. కానీ పొడి వాడేటప్పుడు ఆమె మనసులో కొంచెం సందేహం ఉండింది. సందేహం ఉన్నచోట స్వస్థత ఎట్టా వస్తాది?"

అందరూ ఆమేన్ అన్నారు. అప్పుడే పోసిన మట్టి నా నోట్లో పోసినట్టయింది. పక్కనే నిలబడ్డ మా ఆయన కూడా తలవంచుకుని ఆమేన్ అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు సుశీల్ అన్నతో లెక్క మొదలైంది.

మా ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో గాలి తిప్పే యంత్రాలు ఆగిపోతాయేమోనని సగం రాత్రులు గుంట దగ్గరి షెడ్డులోనే పడుకుంటాడు. నిద్ర చాలదు, తిండికి వేళ లేదు, దాహమైతే కూల్‌డ్రింకు, నడుం నొప్పయితే మెడికల్ షాపులో ఏదో బిళ్ల. బీపీ బయటపడ్డప్పటి నుంచి పొద్దున్నే మాత్ర వేసుకుంటాడు, లేదా వేసుకుంటున్నాడనే నేను అనుకున్నాను. అమ్మ పోయిన కొన్ని నెలలకు ఒక సాయంత్రం గుంటల నుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడు. పట్టీలు ఉన్నచోట పాదాల మీద గాట్లు పడి అలాగే ఉండిపోయాయి. నేను వంగి బొటనవేలితో కాలి మీద నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా పూడలేదు. ఆ గుంట నేను అంతకుముందు మా అమ్మ కాలి మీద చూశాను.

"మాత్ర వేసుకుంటున్నారా?"

"ఆఁ."

"బీరువాలో మాత్రల అట్ట అట్టాగే ఉండాదే."

"నీకు పోలీసు ఉద్యోగం వచ్చి ఉంటే జిల్లాలో దొంగలుండరు" అని నవ్వబోయాడు. నేను నవ్వకపోయేసరికి చిరాకుపడ్డాడు. "బావ చెప్పినాడు. పొడి ఒంటికి పట్టాలంటే మాత్రలు ఆపాలంట. రెండూ కొట్టుకుంటాయంట."

"మా అమ్మ కాళ్లు చూడలేదా మీరు?"

"మీ అమ్మకు వయసయింది. బావకు అరవై దాటలా? ఒక్క మాత్ర వేసుకోడు. పొద్దున్నే మైపాడు దాకా గుర్రంలాగా నడస్తాడు. కళ్లెదురుగా మనిషి కనపడతా ఉంటే ఏందే నీ వాదన?"

నా చదువు, మా అమ్మ ఆసుపత్రి రిపోర్టులు, ఆమె సమాధి, ఇవన్నీ ఒక పక్క. తెల్లచొక్కా వేసుకుని రోడ్డు మీద నడిచే సుశీల్ అన్న ఇంకో పక్క. మా ఆయన మూత్రపిండాలు ఆ ఒక్క మనిషి నడక మీద ఆధారపడి ఉన్నాయని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇంట్లో చేయగలిగింది చేశాను. అప్పడాలు, ఊరగాయ జాడీలు పక్కింటికి చేరాయి. కూరల్లో ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించాను. చెంబుతో నీళ్లు తెచ్చి ఎదురుగా నిలబడి తాగించాను. "సముద్రం పక్కన కాపురం పెట్టి ఉప్పుకు కరువొచ్చిందా మనకు?" అని కంచం తోసేవాడు. షెడ్డుకు పోయి ఉప్పుచేప కాల్చుకుని తినేవాడని వాసనే చెప్పేది. కాళ్ల వాపు తగ్గలేదు. పొద్దున కళ్ల కింద కూడా ఉబ్బు కనిపించడం మొదలైంది.

అమ్మ మొదటి జ్ఞాపకార్థ కూటానికి పిలవడానికి వదిన ఇంటికి వెళ్లాను. మా వదిన డెబోరా, సుశీల్ అన్న భార్య, మెత్తటి మనిషి. మొగుడి మాట జవదాటదు, అబద్ధం చెప్పాల్సి వస్తే పైట కొస వేలికి చుట్టుకుంటుంది. వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి పప్పు మెదుపుతోంది. మెదిపిన పప్పులో నుంచి రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టింది. ఆ తరవాతే మిగిలిన పప్పులో ఉప్పు వేసింది.

చూస్తూ కూర్చున్నాను. హాల్లో కుట్టుమిషను మీద అల్లిన గుడ్డ కప్పి ఉంది, దాని కింద నుంచి నల్లటి రబ్బరు గొట్టం ఒకటి బయటికి వేలాడుతోంది. బీపీ చూసే మిషను గొట్టం. ఇంతలో వదిన ఫోను మోగింది. ఆమె ఎత్తి మాట్లాడలేదు, నొక్కి ఆపింది. చేతిసంచి తెరిచి ఏదో గుప్పిట్లో పట్టుకుని, గ్లాసుతో నీళ్లు తీసుకుని సుశీల్ అన్న ఉన్న గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చెయ్యి ఖాళీ.

"అన్నకేంది వదినా?"

"నీళ్లు."

"గుప్పిట్లో?"

"గుప్పిట్లో ఏముంటాది మే? నీకన్నీ అనుమానాలే" అంది వదిన, పైట కొస వేలికి చుట్టుకుంటూ.

ఇంటికి నడిచి వస్తూ ఉంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మా చుట్టాల్లో ఏ పెళ్లికి పోయినా సుశీల్ అన్న భోజనానికి కూర్చోడు. "ఉపవాసంలో ఉండాను" అంటాడు. క్రిస్మస్ విందులో ఉపవాసం. మా చుట్టాలమ్మాయి అబిగయీలు ఓణీల రోజు ఉపవాసం. గృహప్రవేశాలు, పుట్టినరోజులు, ఎక్కడ పులుసు, అప్పడం, ఊరగాయ ఉన్న ఆకు వేస్తే అక్కడ ఉపవాసం. ఎంత భక్తి అని అందరూ ముచ్చటపడేవాళ్లు. ఉపవాసం ఉన్న మనిషిని ఎందుకని ఎవరు అడుగుతారు? ఇంటికి పోయి చిన్న గిన్నెలోని చప్పిడి పప్పు తింటున్నాడని ఎవరికి తెలుస్తుంది?

రోడ్డు మీదే ఆగిపోయాను. ఉప్పు ముట్టడు. పెందలాడే పడుకుంటాడు. పొద్దున్నే నడుస్తాడు. సిగరెట్టు లేదు, తాగుడు లేదు. బీపీ చూసుకుంటాడు. మాత్ర వేళ తప్పనివ్వడు. గుండెను, మూత్రపిండాలను కాపాడుకోవడానికి ఒక మనిషి చేయవలసిన పనులన్నీ ఆయన ఒక్కటి కూడా వదలకుండా చేస్తున్నాడు. మాకు మాత్రం పొడి.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన సగం విని లేచాడు. "అక్కే నాకు ఫోన్ చేసింది, నువ్వు ఇంకా దోవలో ఉండగానే. నువ్వేందో గుచ్చి గుచ్చి అడిగినావని బాధపడింది. మీ అమ్మ పోయినప్పటి నుంచి బావ మీద పగబట్టినావు నువ్వు."

అవును. పగే. కానీ నోటితో చెబితే పగ అంటారు. కంటితో చూపించాలి.

మరుసటి రోజు పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. "అయ్యగారూ, అమ్మ జ్ఞాపకార్థ కూటం ఉపవాస ప్రార్థనగా పెట్టుకుందామని ఉంది. పొద్దున్నుంచి అందరం ఉపవాసం ఉండి, మధ్యాహ్నం మా ఇంట్లోనే కలిసి విరమిద్దాం" అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. ఈ కాలంలో ఇట్టాంటి కోరిక ఎవరు కోరతారమ్మా అన్నాడు.

"ఒక్క మాట అయ్యగారూ. మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసం ఉండకూడదు. షుగరున్నవాళ్లు పడిపోతారు. వాళ్లు తిని, మాత్ర వేసుకునే రావాలని మీరే గట్టిగా చెప్పాలి."

"మంచి మాట చెప్పినావు తల్లీ" అన్నాడు అయ్యగారు. ఆదివారం ఆరాధనలో గట్టిగానే చెప్పాడు.

ఒక్కడే ఉపవాసం ఉంటే తినకుండా తప్పించుకోవచ్చు. అందరితో కలిసి ఉపవాసం ఉంటే అందరితో కలిసి విరమించాల్సిందే. మా సంఘంలో ఇంతవరకు పాస్టరు ప్రార్థన చేసి విరమించమన్న ఆకు ముందు నుంచి లేచిన మనిషి లేడు.

కూటం రోజు వంటకు పక్కింటి చెంచులక్ష్మి అక్క సాయం వచ్చింది. వాళ్లది వరి పండించే కుటుంబం. మా దేవుడు వేరు, వాళ్ల దేవుడు వేరు. కానీ అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇద్దరూ గోడకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. సుశీల్ అన్న వాళ్ల అరుగు మీద కూర్చుని ఆమె చేత కూడా షుగరు మాత్రలు మానిపించాడు.

పులుసు రుచి చూసి ఆమె కళ్లు పెద్దవి చేసింది. "ఏందిమే ఇదీ? ఉప్పు సరిపోయిందే! నువ్వేనా వండింది?"

"ఊళ్లో అందరూ వేసుకునేంతే వేసినా అక్కా. ఈ ఒక్క పూటకే."

మామిడికాయ వేసిన కొరమీను పులుసు, వేయించిన ఉప్పుచేప, ఆవకాయ, అప్పడాలు. ఓ మూలగా చిన్న గిన్నెల్లో చప్పిడి పప్పు, చప్పిడి సొరకాయ కూర చేసి మూతపెట్టాను.

"ఇదెవరికి?"

"అడిగినోళ్లకి."

ఆమె నన్ను ఒక క్షణం చూసి, అప్పడాలు వేయించసాగింది.

ఇంటి ముందు పందిరి కింద కుర్చీలు నిండాయి. పాట అయ్యాక పాస్టరు లేచాడు. "మాత్రలేసుకునేవాళ్లు ఉపవాసం ఉండొద్దని ఆదివారమే చెప్పినా. అయినా మొహమాటానికి తినకుండా వచ్చినవాళ్లు ఉంటే సిగ్గుపడకుండా చెయ్యెత్తండి. లోపల ఇడ్లీలుండాయి. తిని, మాత్రేసుకోని వచ్చి కూర్చోండి."

ముసలివాళ్లు నలుగురైదుగురు చేతులెత్తారు. నవ్వుకుంటూ లోపలికి పోయారు. ముందు వరసలో వదిన చెయ్యి సంచి జిప్పు మీదికి పోయి అక్కడే ఆగింది. ఆమె సుశీల్ అన్న వైపు చూసింది. ఆయన ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఆయన పక్కన మా ఆయన, ఉబ్బిన కళ్లతో, తనూ చెయ్యెత్తకుండా.

తరవాత సుశీల్ అన్న సాక్ష్యానికి లేచాడు. "ఇందాక కొన్ని చేతులు లేచినాయి. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ చెయ్యి ఎత్తాల్సిన అవసరం దేవుడు నాకు ఇంతవరకు రానియ్యలా. ఆయన సృష్టించిన ఆకులే నాకు చాలినాయి" అన్నాడు. మా ఆయన మొహంలో గర్వం. నేను వెనక స్తంభానికి ఆనుకుని విన్నాను. ఒక్క ముక్క వదలకుండా విన్నాను. అమ్మ గురించి కూడా ఏదో చెప్పాడు. సందేహం అనే మాట మళ్లీ వాడాడు.

వాడి ఉండకపోతే ఆ చప్పిడి గిన్నెలే ముందు తెచ్చి ఉండేదాన్నేమో.

ఎండ నడినెత్తికి వచ్చింది. అరిటాకులు వేశాం. పాస్టరు పక్కన సుశీల్ అన్న, ఆయన పక్కన మా ఆయన. ఎదురు వరసలో వదిన, చెంచులక్ష్మి అక్క. అయ్యగారు ఉపవాసం విరమించడానికి ప్రార్థన చేసి ఆమేన్ అనగానే నేనే స్వయంగా సుశీల్ అన్న ఆకు దగ్గర కూర్చున్నాను. మొలగొలుకుల బియ్యంతో వండిన వేడి వేడి అన్నం పెట్టాను. గుంట చేసి పులుసు పోశాను. ఉప్పుచేప పెట్టాను. ఆవకాయ పెద్ద ముక్క ఏరి వేశాను.

"నాకు పెరుగన్నం చాలు చెల్లెమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"అట్టంటే ఎట్టన్నా? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు తాగలేదు మీరు. అమ్మ పేరు మీద పెడుతుండా. ఆమె చేతి పులుసు ఇది, ఆమె నేర్పిందే."

"తినండి బ్రదర్" అన్నాడు పాస్టరు, అప్పటికే నాలుగు ముద్దలు తిని. "చెల్లెమ్మ ఎంత ప్రేమగా పెడుతుండాది."

"బావా, తిను. మా ఇంట్లో ఇట్టాంటి పులుసు నెలలైంది చూసి" అన్నాడు మా ఆయన.

సుశీల్ అన్న నా వైపు చూశాడు. నేను రెప్ప వేయలేదు. అప్పుడు ఆయనకు తెలిసిపోయింది. నాకు తెలుసని తెలిసిపోయింది. చుట్టూ సంఘమంతా ఉంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఉప్పుచేప తుంచాడు.

ఒక్క ఆకు భోజనంతో మనిషి పోడని నాకు తెలుసు. వదినకు తెలియదు. నేను కూర్చుంది సుశీల్ అన్న ఎదురుగానే అయినా, నా చూపంతా వదిన మీదే ఉంది. ఆమె తన ఆకులో అన్నం ముట్టలేదు. ఆయన రెండో ముద్ద ఎత్తగానే ఆమె మొహం పాలిపోయింది. మూడో ముద్దకు లేచి నిలబడింది.

"వద్దండీ! ఉప్పు… వద్దండీ" అంది. సగం అరుపు, సగం ఏడుపు. "తెల్లారకముందే అయ్యగారి వెంట ఈడికొచ్చేసినారు, ఒక్క మాత్ర కూడా పళ్లేదు. డాక్టరు ఏం చెప్పినాడు మీకు? మళ్లీ ఆయాసమొస్తే నేనేం చేసేది?"

ఆకులు దాటుకుంటూ వచ్చి సంచి తెరిచింది. తొందరలో అట్టలు జారి ఆకు పక్కన పడ్డాయి. గుండె మాత్రలు, బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు. కొన్ని సగం ఖాళీ అయిన అట్టలు. వాడుతున్న అట్టలు.

మొదట మాట్లాడింది చెంచులక్ష్మి అక్క. "ఏందమ్మా అయ్యి?"

వదిన ఏడుస్తోంది.

"అయ్యి ఎవురియి అని అడుగుతుండా. పొడి తాగే ఆయనకి ఇన్ని మాత్రలేంది?"

"పొడితో పాటు… డాక్టరు మాట కూడా వినాలని నేను ఎప్పుడూ చెప్తానే ఉండా కదా" అన్నాడు సుశీల్ అన్న.

"యాడ చెప్పినారయ్యా?" చెంచులక్ష్మి అక్క ఎంగిలి చేత్తోనే లేచింది. "మా అరుగు మీద కూర్చోని మాత్రలు విషం అన్లా? మా ఆయన తెచ్చిన అట్టల్ని మీ చేత్తోనే దిబ్బలో ఇసిరేయలా? తమరు మాత్రం సంచులు సంచులు మింగుతుండారే!"

"బావా?" అన్నాడు మా ఆయన. ఆ ఒక్క మాటే. ఆయన చేతిలోని ముద్ద ఆకులో పడిపోయింది.

నేను లోపలికి వెళ్లి మూతపెట్టిన గిన్నెలు తెచ్చాను. సుశీల్ అన్న ముందున్న ఆకును మడిచి తీసేశాను. కొత్త ఆకు వేసి, చప్పిడి పప్పు, సొరకాయ కూర వడ్డించాను. కింద పడ్డ మాత్రల అట్టలు ఏరి ఆకు పక్కన వరసగా పెట్టి, గ్లాసులో నీళ్లు పోశాను.

"మీకు విడిగా వండినానన్నా. ఉప్పు లేదు. నిదానంగా తినండి."

ఆయన ముందు నుంచి లేచి నిలబడ్డాను.

"మా అమ్మకు విశ్వాసం చాల్లేదన్నారు మీరు, సమాధి కాడ నిలబడి. మీ విశ్వాసం వదిన సంచిలో ఉంటాదని ఆమెకు తెలీదు పాపం. తెలిసి ఉంటే తన మాత్రలు తను వేసుకునేది."

గొంతు పెంచలేదు నేను. పెంచాల్సిన అవసరం లేకపోయింది. పాస్టరు ఆకులోకి చూస్తూ చెయ్యి కడుక్కున్నాడు. సుశీల్ అన్న ఒక్కో మాత్రా విప్పి నీళ్లతో మింగాడు, అందరూ చూస్తుండగా. గొంతు కదిలినప్పుడల్లా నేను చూశాను. ఆ రోజుకు నా కడుపు అలా నిండింది.

సాయంత్రం చెంచులక్ష్మి అక్క పొడి డబ్బా తెచ్చి గోడ మీద నుంచి చూపించింది. "గేదెకు పెడితే మూతి తిప్పుకొనింది మే. దానికుండే బుద్ధి మనకు లేకపాయె" అని పేడదిబ్బలో బోర్లించింది. మర్నాడే మాత్రలు తెచ్చుకుంది.

మా ఆయన నాతో మాట్లాడలేదు. కానీ నెల్లూరు పోదాం రమ్మంటే చొక్కా వేసుకుని వచ్చాడు. రక్తం, మూత్రం పరీక్షలయ్యాయి. డాక్టరమ్మ కాగితం చూసి, "మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి. పోయినంత తిరిగిరాదు, ఉన్నది మాత్రం నిలబెట్టుకోవచ్చు. ఇంకో ఆరునెలలు ఇట్లాగే ఉండుంటే నేను చెప్పే మాట వేరుగా ఉండేది" అంది. ఉప్పు, నొప్పి బిళ్లలు, నిద్ర, మాత్రలు, నేను చెబుతూ వచ్చినవే ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఆయన తలూపాడు.

బస్సులో కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మా అక్కను అందరి ముందు అట్టా ఏడిపించి ఉండకూడదు నువ్వు."

"మా అమ్మను అట్టా చంపి ఉండకూడదు మీ బావ."

మా ఊరు ఇందుకూరుపేట వచ్చింది. దిగాక ఆయనే మందుల సంచి నా చేతిలో నుంచి తీసుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే మాత్ర నా ఎదురుగానే వేసుకుంటాడు. చెప్పుల గాట్లు పడటం లేదు. షెడ్డులో రాత్రి కాపలాకు మనిషిని పెట్టాడు. కూర చప్పగా ఉందని సణుగుతాడు కానీ కంచం తోయడు.

వదిన నాతో మాట్లాడటం మానేసింది. అది నేను చెల్లించుకోవాల్సిన వెలే. సంచి మీద ఆమె చెయ్యి ఆగినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. పాస్టరు అయ్యగారు రెండు ఆదివారాలు వరసగా క్షమాపణ గురించి ప్రసంగించి, రెండుసార్లూ నా వైపే చూశాడు. నేను శ్రద్ధగా విన్నాను. అయ్యగారి వరండాలో అమ్మకానికి పెట్టిన పొడి డబ్బాలు మాత్రం ఇప్పుడు లేవు. సుశీల్ అన్న కార్యదర్శి పదవి వదులుకున్నాడు. ఆరాధనలో చివరి బెంచీలో కూర్చుని ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోతాడు. ఎవరికీ ఎదురుపడడు.

కానీ నడక మానలేడు. డాక్టరు ఆజ్ఞ.

అది నేను ఆలోచించాను. మా స్త్రీల సమాజంలో లేచి చెప్పాను. పొడి తాగి మోసపోయినవాళ్లం ఇంతమంది ఉన్నాం, గుండెకు, మూత్రపిండాలకు ఏది మంచిదో ఇప్పుడు తెలిసింది, రేపటి నుంచి అందరం నడుద్దాం అన్నాను. ఎక్కడ అని అడిగారు. మైపాడు రోడ్డు మీద అన్నాను. అందరూ ఒకరినొకరు చూసుకుని, అర్థమై, నవ్వారు. చెంచులక్ష్మి అక్క మా సమాజం మనిషి కాకపోయినా అందరికంటే ముందు చెప్పులేసుకుని వచ్చింది.

ఇప్పుడు ప్రతి పొద్దునా వెలుతురు రాగానే సుశీల్ అన్న గేటు తీసుకుని రోడ్డెక్కుతాడు. మేం చింతచెట్టు మలుపు దగ్గర నుంచి కలుస్తాం. ఆయన వెనక, కొంచెం దూరంలో. ఎగతాళి చేయం. గట్టిగా మాట్లాడం. ఆయన వేగం పెంచితే మేం పెంచుతాం. ఒకసారి ఆయన గుంటల గట్టు వెంబడి దారి మార్చి చూశాడు. మేమూ గట్టెక్కాం.

మొన్న పొద్దున ఆయన రోడ్డు మధ్యలో ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. మేమూ ఆగాం. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. "ఎన్నాళ్లు చెల్లెమ్మా?" అన్నాడు. గొంతు పీలగా ఉంది.

నీళ్ల సీసా మూత తీసి ఆయన చేతికిచ్చాను. తాగేదాకా నిలబడ్డాను.

"నడవండన్నా" అన్నాను. "గుండెకు మంచిది. ఇంకా చాలా ఏళ్లు నడవాలి మీరు."